కాలేజీ ఇన్‌క్యుబేషన్ సెల్ పది శాతం వాటా అడుగుతోంది. ఇవ్వాలా?

చెరువుగట్టు_కుర్రోడు:

అందరికీ నమస్కారం అండి. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది పశ్చిమ గోదావరి. ఈసీఈ మూడో ఏడాది అయిపోవస్తోంది. నేను, నా రూమ్మేటు, మెకానికల్లో ఇంకో ఫ్రెండు కలిసి రొయ్యల చెరువులకి ఒక చిన్న డబ్బా తయారుచేశాం. మా మావయ్యకి ఆకివీడు దగ్గర నాలుగెకరాల చెరువుంది. పోయినేడాది ఒకరోజు రాత్రి మూడింటికి ఒక ఫేజు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి. కాపలా అతను నిద్రలో ఉన్నాడు. నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, సరిగ్గా అప్పుడే మోటార్లు లేవు. మావయ్య వెళ్ళేసరికి రొయ్యంతా గట్టు వారకి తేలిపోయి ఉంది. అరవై రోజుల పంట. తర్వాత నెల్రోజులు ఆయన ఫీడు కొట్టు ఉన్న వీధిలోంచి కాకుండా చుట్టు తిరిగి ఇంటికొచ్చేవాడు.

మొదట ఆక్సిజన్ కొలిచే మీటరే పెడదామనుకున్నాం. నీళ్ళలో ఉండే దాని ప్రోబుకి నాచు పట్టి వారానికే తప్పుడు రీడింగులిచ్చింది. మంచి ప్రోబు ధర చూసి నోరు మూసుకున్నాం. ఇప్పుడు మా డబ్బా ఒక్క పనే చేస్తుంది. మోటార్ల లైనులో మూడు ఫేజులకీ కరెంటు పారుతోందో లేదో పట్టే మూడు సీటీ కాయిల్స్ తగిలిస్తాం. ఏ ఫేజులో కరెంటు ఆగినా రైతు ఫోను మోగుతుంది, ఆయన ఎత్తకపోతే కాపలా అతనిది, తర్వాత ఇంట్లోవాళ్ళది. ముందు 2జీ మాడ్యూల్ పెట్టాం, జియోకి 2జీ లేదని అందరి సిమ్ములూ మార్పించలేక 4జీకి మారాం. సామాన్లకి 2,600 అవుతోంది, 4,500కి ఇస్తున్నాం. ఇప్పటికి 11 అమ్మాం. నలుగురు మాత్రం పట్టుబడి అయ్యాక, అంటే రొయ్య పట్టి అమ్మాక, డబ్బులిస్తామన్నారు.

టెక్‌ఫెస్టులో పెట్టిన దగ్గర్నుంచి మొదలైంది గొడవ. ఇన్‌క్యుబేషన్ సెల్ (విద్యార్థుల స్టార్టప్‌లకి సాయపడే కాలేజీ విభాగం) వాళ్ళు పిలిచి వెంటనే ప్రైవేట్ లిమిటెడ్ పెట్టమన్నారు. అందులో కాలేజీకి పది శాతం వాటా, బదులుగా ఒక గది, వైఫై, మెంటరింగ్. హెచ్‌ఓడీ గారేమో దీన్నే ఫైనలియర్ ప్రాజెక్టుగా పెట్టండి, పేటెంటు వేద్దాం, నా పేరు ముందుంటుంది అన్నారు. ఆయన మంచివారే, ల్యాబు తాళం మాకు ఇచ్చేవారు. కాదనాలంటే మొహమాటం.

నా అటెండెన్సు 68 శాతం. చెరువుల వెంట తిరిగితే అంతే ఉంటుంది. నాన్నగారికి ఇంకా ఈ పది శాతం సంగతి చెప్పలేదు, ప్లేస్‌మెంట్లు ఆగస్టులో కదా అని రోజూ అడుగుతున్నారు.

కంపెనీ ఇప్పుడే పెట్టాలా? పది శాతం ఇవ్వచ్చా? ప్రాజెక్టుగా పెడితే ఏమన్నా ఇబ్బందా? ఇలాంటివి చూసినవాళ్ళు చెప్పండి.


బెంచీ_మీద_బాబు:

పదకొండు డబ్బాలకి కంపెనీ, పేటెంటు, వాటాలు. ముందు ఆ నలుగురి దగ్గరా డబ్బులు వసూలు చెయ్యి తమ్ముడూ. ఆగస్టుకి ఆప్టిట్యూడ్ కూడా చదువుకో.


ఓరుగల్లు_ప్రింట్లక్క:

తమ్మీ, నీ పోస్టు చదివి నా పాత ఫైలు బయటికి తీసిన. ఒక నోటరీ బాండు, రెండు చలాన్లు, తుప్పు పట్టిన పిన్ను.

మేము 2021 జులైల, థర్డ్ ఇయర్‌ల ఉన్నప్పుడు ప్రైవేట్ లిమిటెడ్ పెట్టినం. నలుగురం. ధంధా ఏందంటే హాస్టళ్లకు ప్రింట్లు. రాత్రి పదకొండు దాకా పీడీఎఫ్ పంపితే పొద్దున ఏడింటికల్లా రికార్డు నీ రూముకు వచ్చేది. ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ వారం మస్తు నడిచేది, మిగతా నెలంతా ఈగలు తోలుకునుడే. ఆ రోజుల్ల మాకు కంపెనీ ఉండుడు వల్ల పనైన సందర్భం ఒక్కటి కూడ యాదికి రాదు. జిరాక్స్ షాపాయన మా సర్టిఫికెట్ చూసి ఉద్దెర ఇయ్యలేదు, ముఖాలు చూసి ఇచ్చిండు. మరెందుకు పెట్టినమంటే, సెల్ వాళ్లు పెట్టుమన్నరు. కాలేజీ ర్యాంకింగుల ఫారంల ఈ ఏడు ఎన్ని స్టార్టప్‌లు అని ఒక గడి ఉంటది. ఆ గడి మేమే.

ఫైనల్ ఇయర్‌ల ఇద్దరికి బెంగళూరుల ఉద్యోగాలు వచ్చినయ్, ఒకడు ఎంఎస్‌కు డల్లాస్ పోయిండు. ధంధా ఆగింది. మేం ఆపినం కదా, కంపెనీ కూడ ఆగిందనుకున్న. అది ఆగదు తమ్మీ. నువ్వు ఒక్క రూపాయి అమ్మకున్నా ఆడిటర్ ఉండాలె, ఏటా లెక్కల ఫారం ఒకటి, వార్షిక రిటర్ను ఒకటి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌ల ఎక్కియ్యాలె. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు వంద. పైన గరిష్ఠం లేదు. నాకు తెలిసి వేసేటాళ్లకు 2023 ఆగస్టు చివరాఖరు అయింది. ఒకటి 210 రోజులు లేటు, ఇంకోటి 180. చేతితోని గుణించుకో, 39,000. మేం ప్రింట్ల మీద నలుగురం కలిసి మిగిలిచ్చింది 31,000.

ఇగ మూసుడు. ఆ దరఖాస్తు ఫీజు 10,000. డైరెక్టర్లు అందరు ఒక అఫిడవిట్టు, ఒక ఇండెమ్నిటీ బాండు (తర్వాత బాకీలేమన్న తేలితే మేమే కడతం అనే కాగితం) ఇయ్యాలె. డల్లాసోడు అక్కడ నోటరీ చేయించి పంపాలె. వానికి నా మీద కోపం లేదు, పాపం బద్ధకం. ఐదు నెలలు పట్టింది. వాళ్లింట్ల పెళ్లికి పోయి వాళ్ల అమ్మకు చెప్తే గాని కాగితం రాలేదు.

అందుకే నా మాట ఏందంటే, కాలేజీ పది శాతం లెక్క తర్వాత చూద్దువు. ముందు మీ ముగ్గురు కూసోండ్రి. మేం తలా 25 శాతం రాసుకున్నం, అట్ల రాస్తే లొల్లి ఉండదని. లొల్లి అయితే లేదు, వాని 25 మాత్రం డల్లాస్‌ల కూసున్నది. మీరు అట్ల చెయ్యకుండ్రి. ఎవరెంత పైసలు పెట్టిండ్రు, సోల్డరింగ్ ఎవరు చేస్తరు, ఊర్లకు ఎవరు తిరుగుతరు, అన్నీ రాయుండ్రి. వాటా ఒక్కరోజుల రాకూడదు. ఏడాది నిలబడితే పావు, రెండేళ్లకు సగం, నాలుగేళ్లకు మొత్తం. మధ్యల ఉద్యోగానికి పోయినోడు అప్పటిదాక సంపాదించినంతే తీస్కపోతడు. నీ రూమ్మేటే కదా, అడగనీకె నీకు సిగ్గయితది. ఇప్పుడు అడిగితే చాయ్ తాగుకుంట తెగిపోతది, రెండేళ్లకు అడిగితే తెగేది దోస్తీ.

కంపెనీ ఇప్పుడు వద్దు. 11 డబ్బాలు 4,500 లెక్కన 49,500. మీ ఆంధ్రల సరుకు అమ్మేటోళ్లకు జీఎస్టీ హద్దు ఏడాదికి 40 లక్షలు (మా తెలంగాణల 20 లక్షలే, అది వేరే ఏడుపు). ఒక్కటి యాది పెట్టుకో, రాష్ట్రం దాటి సరుకు అమ్మితే ఆ హద్దు పనికిరాదు, ఒక్క డబ్బాకైనా రిజిస్ట్రేషన్ కావాలె. నెల్లూరు ఆయనకు అమ్ము, చెన్నై ఆయనను ఆగుమను. ఇప్పటికి మీల ఒకరి పేరు మీద ఉద్యం (చిన్న ధంధాలకు సర్కారు ఇచ్చే) రిజిస్ట్రేషన్ చేసుకో, ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. పైసలు అడిగే సైట్లు కనిపిస్తే అవి సర్కారువి కావు. బిల్లు బుక్కు ఒకటి అచ్చేయించు. ఎవరన్న పెట్టుబడి పెడతనంటేనో, పెద్ద కొనుగోలుదారు కంపెనీ పేరే కావాలంటేనో అప్పుడు పెట్టు. వారం పది రోజుల పని.

ఇగ కాలేజీ. గది ఎందుకు నీకు? వైఫై హాస్టల్‌ల లేదా? నీకు కావలసింది సాయంత్రం ఐదు తర్వాత ఆసిలోస్కోపు, సోల్డరింగ్ స్టేషను, చెరువుకు పోయిన రోజు హాజరు, మీ ప్రిన్సిపాల్ సంతకంతోని ఒక ఉత్తరం. నా అనుభవంల ఆ ఉత్తరం గదికన్న ఎక్కువ తలుపులు తెరుస్తది. ఇవి ఇస్తరా అని అడుగు. ఇస్తే అప్పుడు వాటా ముచ్చట.


సెల్లు_మాస్టారు:

నేను ఒక యూనివర్సిటీలో ఇన్‌క్యుబేషన్ పని చూస్తాను. ఆ ‘గడి’ మాట నాకు గుచ్చుకుంది, అబద్ధం కాదు కనుక ఇంకాస్త గుచ్చుకుంది. మా వైపు నుంచి నాలుగు మాటలు.

విద్యాసంస్థల కోసం కేంద్ర విద్యాశాఖ, సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) కలిసి 2019లో జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం ఇచ్చాయి. సంస్థ ఇచ్చే స్థలం, సేవలు, సీడ్ డబ్బు (తొలి పెట్టుబడి) బట్టి 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చని అందులో ఉంది. అంటే పది శాతమన్నది ఆ హద్దు బయట. అలాగని తొమ్మిదిన్నరకు దిగారని సంబరపడవద్దు. గది, వైఫై మాత్రమే ఇచ్చేచోట నేనైతే రెండు దగ్గర మొదలుపెడతాను. ఇది మార్గదర్శకం, దీన్ని ప్రతి కాలేజీ తనకు తగ్గట్టు ఆమోదించుకోవాలి. కాబట్టి ముందు మీ కాలేజీ ఆమోదించిన ప్రతి అడగండి. ‘ఉంది, తర్వాత చూపిస్తాం’ అంటే సాధారణంగా లేదనే.

ప్రాజెక్టు విషయం మాత్రం చాలా జాగ్రత్త. అదే విధానం ప్రకారం, కాలేజీ వనరులు గణనీయంగా వాడినా, కోర్సులో భాగంగా చేసినా, మేధోహక్కులు మీకూ కాలేజీకీ ఉమ్మడి అవుతాయి. సొంత డబ్బుతో, కాలేజీ సౌకర్యాలు వాడకుండా, చదువుకు సంబంధం లేకుండా చేసినది పూర్తిగా మీదే. అంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్న డబ్బాను యథాతథంగా ఫైనలియర్ ప్రాజెక్టుగా సమర్పించిన రోజున గీత దాటుతారు. నా దగ్గరకు వచ్చే పిల్లలకు చెప్పే ఉపాయం ఒకటుంది: అమ్ముతున్న వస్తువును పక్కన పెట్టి, దానికి చుట్టమైన మరో చిన్న సమస్యను ప్రాజెక్టుగా తీసుకోండి. ప్రోబుకు నాచు పట్టిందన్నారు కదా, దాన్ని తుడిచే యంత్రాంగం చేయండి. మీ మెకానికల్ మిత్రుడికీ పని దొరుకుతుంది, హెచ్‌ఓడీ గారికీ గౌరవం దక్కుతుంది.

పేటెంటు. మీరు టెక్‌ఫెస్టులో ప్రదర్శించారు, 11 అమ్మారు. దరఖాస్తుకు ముందే బయటపడ్డ దానికి కొత్తదనం నిలబడటం కష్టం. ఇకముందు చేసే మార్పులకైనా, ఎవరికీ చూపకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే పూర్తి వివరాలివ్వడానికి 12 నెలలు దొరుకుతాయి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఫీజు 1,600. ఆవిష్కర్తగా పేరుండాల్సింది ఆలోచనలో పాలున్నవారికి. తాళం ఇచ్చినవారికి కృతజ్ఞతల పేజీ ఉంది. ఈ మాట హెచ్‌ఓడీతో మీరు అనలేరు, మీ సెల్ కోఆర్డినేటర్ చేత అనిపించండి.

హాజరు. 68 అంటే జేఎన్‌టీయూ లెక్కలో 65, 75 మధ్య, రుసుము కట్టి మాఫీ అడిగే కోవలోకి వస్తుంది. విద్యార్థి వ్యాపారులకు హాజరు తగ్గినా పరీక్ష రాయనివ్వాలని పై విధానం చెబుతోంది, కానీ ముందే అనుమతి తీసుకోవాలి, సెమిస్టర్ చివర కాదు. మీరు ఆర్20 (2020 నాటి కోర్సు నిబంధనలు) బ్యాచ్ అయితే రెగ్యులేషన్ల పుస్తకంలో ‘గ్యాప్ ఇయర్’ అన్న పేరా చూడండి. మధ్యలో ఒక ఏడాది ఆగి వ్యాపారం చేసుకోవచ్చు, రెండేళ్ల దాకా పొడిగించవచ్చు, డిగ్రీ గడువులో ఆ కాలం లెక్కకు రాదు. ప్రిన్సిపాల్ ద్వారా యూనివర్సిటీకి పంపాలి. ఆ పేరా ఉందని తెలిసిన విద్యార్థి నాకింతవరకు ఒక్కరు తారసపడ్డారు. మీరు వాడాలని కాదు, తెలిసి ఉండాలని.

డబ్బు కావాలంటే, ప్రోటోటైపు (నమూనా) కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్‌టీ) వారి నిధి ప్రయాస్ ఉంది, పది లక్షల వరకు. కంపెనీ లేకుండా వ్యక్తిగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2021లో నాలుగేళ్లకని వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ మాత్రం కంపెనీ పెట్టి రెండేళ్లు దాటనివారికే ఇచ్చేవారు. ప్రింట్లక్క చెప్పినదానికి ఇది ఇంకో కారణం: తొందరపడి రిజిస్టర్ చేస్తే అలాంటి గడువుల గడియారం అమ్మకాలు లేకుండానే తిరిగిపోతుంది.


కాళ్ళ_చెరువు:

మా అబ్బాయి ఈ లింకు పంపాడండి. మాది కాళ్ళ మండలం, పదెకరాల చెరువులు. పైన పెద్దలు చెప్పిన శాతాలు నాకు తెలీవు. కొనేవాడి మాట ఒకటి చెప్తాను బాబూ.

పొలం మోటార్లకి మొబైల్ స్టార్టర్లు ఎప్పట్నుంచో ఉన్నాయి. మీది కొత్తదేం కాదు. కొత్తదల్లా చెరువు సంగతి తెలిసి చెయ్యడం. నాకొకరు ఇలాంటిదే పెట్టారు నిరుడు. కరెంటు కాస్త మిణుకుమన్నా ఫోను. మాకు రాత్రికి నాలుగుసార్లు పోయి వస్తుంది, జనరేటరు వేసుకుంటాం. పది రోజులు చూసి మా ఆవిడ ఫోను స్విచ్చాపు చేసింది. పదకొండో రోజు నిజంగానే బెల్టు తెగింది. మీ డబ్బా ఒకటిన్నర నిమిషం ఆగి, అప్పటికీ మోటారు తిరక్కపోతే మోగాలి. అంతకంటే ముందు మోగకూడదు.

రెండోది, ఉప్పుగాలి. ఆరు నెలలకి స్టార్టరు డబ్బాలో స్క్రూలే ఉండవు. బోర్డుకి వార్నిష్ కొట్టండి. బల్లులు దూరకుండా తీగ దూరే కన్నానికి రబ్బరు పెట్టండి. తడి చేతుల్తో మీరే డబ్బా తెరిచెయ్యకండి, ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకోండి. కుర్రాళ్ళు, ఇంట్లోవాళ్ళుంటారు.

మూడోది ధర. 4,500 అంటే కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) బాగున్నప్పుడు లెక్కలోది కాదు, పంట పోయినోడికి పెద్దదే. పంటకి వెయ్యి అద్దె అనండి, పాడైతే మీదే పూచీ అనండి. నేను నాలుగు పెట్టించుకుంటాను. అప్పు పెట్టినోళ్ళని ఫీడు కొట్టు ద్వారా అడగండి, పట్టుబడి ఏ రోజో ఆయనకే ముందు తెలుస్తుంది.


బెంచీ_మీద_బాబు:

సరే, వెనక్కి తీసుకుంటున్నా. కాళ్ళ చెరువు గారూ, మీరు కన్సల్టెన్సీ పెట్టండి.


చెరువుగట్టు_కుర్రోడు:

రెండు వారాలు పోస్టు పెట్టకపోవడానికి కారణం మిడ్ పరీక్షలండి, క్షమించండి. జరిగింది చెప్తాను.

ముందు మేం ముగ్గురం కూర్చున్నాం. అక్క చెప్పినట్టు టీ దగ్గర తెగలేదు, రెండు రాత్రులు పట్టింది. మెకానికల్ వాడు ఉద్యోగం వస్తే వెళ్ళిపోతానని అప్పుడే చెప్పేశాడు. నాకు కోపం వచ్చింది గానీ ఇప్పుడు తెలియడమే నయం. వాడు డబ్బా బాడీ డిజైను చేసినందుకు, వెళ్ళేదాకా అమ్మిన ప్రతి డబ్బాకి 150 రూపాయలు అని రాసుకున్నాం. మిగతాది మా ఇద్దరిదీ, నాలుగేళ్ళ లెక్కన.

సెల్‌లో ఆమోదించిన కాపీ అడిగితే మాస్టారు చెప్పిన సమాధానమే వచ్చింది, అక్షరం పొల్లు పోకుండా. నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేశాను. కంపెనీ ఇప్పుడు పెట్టడం లేదని రాతపూర్వకంగా ఇచ్చాం. ప్రిన్సిపాల్ గారు ఉత్తరం ఇచ్చారు, ఐదు తర్వాత ల్యాబు ఇచ్చారు. వాటా మాట మళ్ళీ చూద్దాం అన్నారు. హెచ్‌ఓడీ గారికి నాచు తుడిచే ప్రోబు సంగతి చెప్తే ముందు మొహం మాడ్చుకున్నారు, తర్వాత ఆయనే రెండు పేపర్లు పంపారు. తాళం ఇంకా ఇస్తున్నారు. హాజరుకి అర్జీ పెట్టాను, జవాబు రాలేదు.

నాన్నగారికి కూడా చెప్పాను. ఆగస్టులో ఇంటర్వ్యూలకి కూర్చుంటానని మాటిచ్చాను. కూర్చుంటాను.

కాళ్ళ చెరువు గారూ, ఒకటిన్నర నిమిషం ఆగేలా కోడు మార్చాం. మా మావయ్య చెరువు మీద నాలుగు రాత్రులు పెట్టి చూశాం, ఒక్కసారే మోగింది, అది నిజమైనదే, ఫ్యూజు పోయింది. ఆదివారం పొద్దున్నే నాలుగూ తీసుకుని వస్తాం, ఎలక్ట్రీషియన్ని కూడా తెస్తాం. పంటకి వెయ్యి, సరే.


ఓరుగల్లు_ప్రింట్లక్క:

150 లెక్క బాగుంది. కాగితం మీద వాని సంతకం, తారీకు ఉన్నయా? ఫోటో తీసి ముగ్గురికి మెయిల్ పెట్టు.


కాళ్ళ_చెరువు:

ఆదివారం తొమ్మిదిలోపు రండి బాబూ, తర్వాత ఎండ. సిమ్ములు రెండు రకాలవి తెచ్చుకోండి, మా గట్టు మీద సిగ్నలు పడమటి మూల షెడ్డు దగ్గరే వస్తుంది.